రెండు వాహన సెట్లు, ఒక డూప్లెక్సర్: కొండ మీద 36 గంటల తాత్కాలిక రిపీటర్ (కేస్ స్టడీ)

ఒక కొండకు తూర్పున ఏడుగురు, పడమర ఐదుగురు. అందరి చేతుల్లో 4 వాట్ల యూహెచ్‌ఎఫ్ హ్యాండ్‌సెట్లు, 12.5 కిలోహెర్ట్జ్ చానల్. ఒకే వైపున ఉన్నవాళ్ల మాట ఒకరికొకరికి స్పష్టంగా చేరుతోంది, కొండ దాటి మాత్రం ఒక్క అక్షరం వెళ్లడం లేదు. శిఖరం లోయ మట్టానికి 110 మీటర్ల ఎత్తు. వాహనం వెళ్లే దారి ఉంది, కరెంటు లేదు. 36 గంటల పాటు రెండు వైపులా ఒకే చానల్‌లో మాట్లాడుకోవాలి. కంపెనీ రిపీటర్ దొరకలేదు. చేతిలో ఉన్నవి ఒకే మోడల్ 25 వాట్ల వాహన సెట్లు రెండు, చిన్న ఆరు గదుల నాచ్ డూప్లెక్సర్ (ఒకే యాంటెనా మీద పంపడం, వినడం కలిసి సాగేలా, ఒక సెట్ ఫ్రీక్వెన్సీని రెండో సెట్ దారిలో నాచ్‌తో, అంటే ఇరుకైన కోతతో, అడ్డుకునే ఫిల్టర్ పెట్టె) ఒకటి, 7 మీటర్ల మడత మాస్ట్ ఒకటి.

రిపీటర్ సూత్రం చిన్నదే. ఒక సెట్ వింటుంది, విన్నదాన్ని అదే క్షణంలో రెండో సెట్ వేరే ఫ్రీక్వెన్సీ మీద పంపుతుంది. రెండింటి మధ్య నాలుగు తీగలు కలపడం అరపూట పని. అసలు కష్టమంతా మాట్లాడే సెట్ పక్కనే ఉన్నా వినే సెట్ చెవిటిదైపోకుండా చూడడంలో ఉంది. ఈ కట్టుబడిలో ఎక్కువ సమయం దానికే పోయింది, పోవాల్సింది కూడా దానికే.

ముందు లెక్క

రిపీటర్ పంపే 10 వాట్లంటే 40 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో, అంటే డీబీలో, చెప్పే పవర్). మంచి రిసీవర్ 0.25 మైక్రోవోల్ట్ దగ్గర, అంటే సుమారు మైనస్ 119 డీబీఎం దగ్గర, మాటను పట్టుకుంటుంది. రెండు అంకెల మధ్య 159 డీబీ తేడా ఉంది. అదంతా యాంటెనాల దగ్గరే అడ్డుకోనక్కర్లేదు, రిసీవర్‌లోని ఫిల్టర్లు చాలా భాగం మోస్తాయి. 450 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో 5 మెగాహెర్ట్జ్ ఎడం ఉన్న జతకు బయట నుంచి 70–80 డీబీ ఐసొలేషన్ (పంపే సెట్ పవర్ వినే సెట్‌కు చేరకుండా అడ్డు) ఇస్తే చాలావరకు సరిపోతుంది. అదే 150 మెగాహెర్ట్జ్‌లో 600 కిలోహెర్ట్జ్ ఎడమే ఉంటే 85–95 డీబీ కావాలి. దానికి పెద్ద క్యావిటీలు (లోహపు డబ్బాల ఫిల్టర్లు) తప్పవు, వాహనంలో మోసుకెళ్లే పని కాదు. తాత్కాలిక రిపీటర్‌కు అవకాశం ఉంటే యూహెచ్‌ఎఫ్‌నే ఎంచుకోవడం మంచిది.

డూప్లెక్సర్ లేకుండా రెండు యాంటెనాలను దూరంగా పెట్టి గట్టెక్కవచ్చా అన్నది మొదట చూసిన సంగతి. ఒకదాని నెత్తిన ఒకటి నిటారుగా పెడితే ఐసొలేషన్ సుమారు 28 + 40 లాగ్ (ఎడం ÷ తరంగదైర్ఘ్యం). 450 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 0.67 మీటర్లు. మన మాస్ట్ మీద 3 మీటర్ల ఎడమే కుదురుతుంది కాబట్టి 54 డీబీ, చాలదు. 6 మీటర్ల ఎడం దొరికినా 66 దగ్గరే ఆగుతుంది. పక్కపక్కన పెడితే 22 + 20 లాగ్ (ఎడం ÷ తరంగదైర్ఘ్యం), అందులోంచి రెండు యాంటెనాల గెయిన్ (ఒక దిశకు కూడగట్టే బలం) తీసేయాలి. డైపోల్ లాంటి యాంటెనాలతో 30 మీటర్ల దూరానికి 51 డీబీ, 300 మీటర్లకు 71 డీబీ వస్తుంది. ఆ 300 మీటర్ల మాట గుర్తుంచుకోదగ్గది. డూప్లెక్సర్ అసలే లేకపోతే రెండు వాహనాలను శిఖరం మీద అంత దూరంలో నిలిపి, మధ్యలో మెలితిప్పిన జత తీగ పరిచి, రెండు చివరలా 600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి ఆడియో పంపడం నడిచే పద్ధతే. ఈ కేసులో డూప్లెక్సర్ ఉంది, దాని ఐసొలేషన్ 70 డీబీ, నష్టం 1.3 డీబీ. ఒకే యాంటెనాతో వెళ్లాలని నిర్ణయం.

వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్‌లలో ఒకదానిలో విని రెండోదానిలో పంపే క్రాస్‌బ్యాండ్ పద్ధతిలో ఐసొలేషన్ బాధ చాలావరకు తగ్గుతుంది. అయితే రెండు వైపుల వాళ్ల దగ్గరా రెండు బ్యాండ్ల సెట్లు ఉండాలి. పైగా రిపీటర్ వీహెచ్‌ఎఫ్‌లో పంపే వేళ దాని మూడో హార్మోనిక్ యూహెచ్‌ఎఫ్‌లో పడుతుంది: 150 మెగాహెర్ట్జ్‌కు మూడింతలు సరిగ్గా 450. ఫ్రీక్వెన్సీలు ఎంచుకునేటప్పుడు ఈ గుణకారం తప్పక చేసి చూడాలి. ఫ్రీక్వెన్సీల జత ఏదైనా, దాన్ని రిపీటర్‌గా వాడే అనుమతి లైసెన్స్‌లో ఉండాలి. అది లేకుండా మాస్ట్ లేపకూడదు.

పవర్ ఎంత?

25 వాట్లు ఉన్నాయి కదా అని 25 పెట్టాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. లెక్క వేస్తే అర్థమవుతుంది. హ్యాండ్‌సెట్ 4 వాట్లంటే 36 డీబీఎం, రిపీటర్ 10 వాట్లంటే 40. డూప్లెక్సర్, కేబుల్ నష్టాలు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఒకటే. అంటే 10 వాట్ల దగ్గరే రిపీటర్ గొంతు హ్యాండ్‌సెట్ కంటే 4 డీబీ ఎక్కువ. 25 పెడితే 8 డీబీ ఎక్కువవుతుంది. దానివల్ల దొరికేది రిపీటర్ మాట వినబడుతూనే, తన మాట రిపీటర్‌కు చేరని మనుషులు. వాళ్లు పదేపదే పిలుస్తూ బ్యాటరీ తగలేసుకుంటారు, చానల్ మీద నమ్మకం పోగొట్టుకుంటారు.

వేడి ఇంకో కారణం. వాహన సెట్లను సాధారణంగా 5-5-90 చక్రానికి తయారుచేస్తారు: 5 శాతం పంపడం, 5 శాతం వినడం, 90 శాతం ఊరికే ఉండడం. రిపీటర్‌లో పంపే సెట్ 30 శాతం సమయం పనిచేస్తుంది, గడబిడ వేళల్లో ఇంకా ఎక్కువ. 25 వాట్ల దగ్గర సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. 13.6 వోల్ట్ల దగ్గర అది 95 వాట్లు, అందులో 70 వాట్లు హీట్‌సింక్‌లో వేడిగానే మిగులుతాయి. 10 వాట్లకు దించి, రెక్కల మీదుగా గాలి పోయేలా 120 మి.మీ. 12 వోల్ట్ ఫ్యాన్ ఒకటి బిగించారు. ఫ్యాన్‌ను పీటీటీతో (సెట్‌ను పంపమని చెప్పే బటన్ సంకేతంతో) పాటు వెలిగించకుండా ఎప్పుడూ తిరిగేలా ఉంచడం నయం. 0.2 ఆంపియర్ పోతుంది, ఆలోచించాల్సిన భాగం ఒకటి తగ్గుతుంది.

బ్యాటరీ లెక్క కూడా ఇదే చెబుతుంది. వినే సెట్ 0.4 ఆంపియర్, పంపే సెట్ ఊరికే ఉన్నప్పుడు 0.4, 10 వాట్లు పంపేటప్పుడు 4.5. ఫ్యాన్, కంట్రోలర్ కలిసి 0.25. 30 శాతం వాడకానికి సగటు 2.3 ఆంపియర్లు, 36 గంటలకు 82 ఆంపియర్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి ఒకే వయసున్న 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు సమాంతరంగా. 25 వాట్లయితే 109 కావాల్సి వచ్చేది, అంటే మూడో బ్యాటరీ. తీగ 4 చదరపు మి.మీ., సెట్ దాకా 3 మీటర్లు. రానూపోనూ 6 మీటర్లకు 26 మిల్లీఓమ్‌లు, పూర్తి కరెంటు 7 ఆంపియర్ల దగ్గర కూడా 0.2 వోల్ట్ లోపే పడుతుంది. 1.5 చదరపు మి.మీ. తీగైతే అర వోల్ట్ పోతుంది. ఫ్యూజు బ్యాటరీ మొన దగ్గరే ఉండాలి, సెట్ దగ్గర కాదు. తీగ మధ్యలో ఎక్కడైనా నలిగి బాడీకి తగిలితే కాపాడేది అదే.

రెండు సెట్లను కలపడం

వినే సెట్ నుంచి రెండు సంకేతాలు కావాలి: ఆడియో, స్క్వెల్చ్ (సంకేతం లేనప్పుడు రొదను మూసి ఉంచేది) తెరుచుకుందని చెప్పే సీఓఆర్. పంపే సెట్‌కు రెండు ఇవ్వాలి: మైక్ ఆడియో, పీటీటీ. అమెచ్యూర్ మొబైల్ సెట్లలో వెనక ఆరు పిన్నుల మినీ-డిన్ డేటా సాకెట్ ఉంటే పని సులువు. 1 ఆడియో లోపలికి, 2 గ్రౌండ్, 3 పీటీటీ, 4 డిస్క్రిమినేటర్ ఆడియో (రిసీవర్ సరిచేయకముందు ఉన్న ముడి ఆడియో), 5 మామూలు ఆడియో, 6 స్క్వెల్చ్. మోటరోలా జీఎం300 లాంటి సెట్లలో 16 పిన్నుల కనెక్టర్: 3 పీటీటీ, 7 గ్రౌండ్, 11 రిసీవ్ ఆడియో, 5 ఫ్లాట్ ట్రాన్స్‌మిట్ ఆడియో (హెచ్చు స్వరాలను లేపకుండా ఉన్నదున్నట్టు పంపేది). 8వ పిన్నును ప్రోగ్రామింగ్‌లో సీఓఆర్‌గా పెట్టుకోవాలి. ఏ సెట్ అయినా సర్వీస్ మాన్యువల్ చూడకుండా తీగ కలపవద్దు.

స్పీకర్ తీగల నుంచి ఆడియో తీసుకోవాలనుకుంటే ఒక ప్రమాదం ఉంది. చాలా వాహన సెట్లలో స్పీకర్ రెండు కొసలూ గ్రౌండ్ కావు, బ్రిడ్జ్ యాంప్లిఫయర్ రెండింటినీ నడుపుతుంది. ఒక కొసను గ్రౌండ్‌కు కలిపితే ఆడియో ఐసీ అక్కడికక్కడే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఈ భయం లేదు.

ఆడియో మార్గంలో వాడినవి: 1 మైక్రోఫారడ్ నాన్-పోలార్ కెపాసిటర్, 600:600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్, దాని సెకండరీ మీద 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి సర్దే రెసిస్టర్), ప్రీసెట్ మధ్య కాలు నుంచి మరో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అక్కడి నుంచి మైక్ పిన్ను. రెండో కెపాసిటర్ ఎందుకంటే మైక్ పిన్ను మీద బయాస్ డీసీ ఉంటుంది. మైక్ ఇన్‌పుట్‌కు పదుల మిల్లీవోల్ట్‌లే చాలు కాబట్టి ప్రీసెట్ అడుగునే తిరుగుతూ సర్దుబాటు కుదరకపోతే ముందు ఒక 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ శ్రేణిలో కలపాలి.

పీటీటీకి: సీఓఆర్ 5 వోల్ట్‌లకు లేచే రకం. 4.7 కిలో ఓమ్‌ల ద్వారా బీసీ547 బేస్‌కు, బేస్-ఎమిటర్ మధ్య 10 కిలో ఓమ్‌లు. కలెక్టర్ పీసీ817 ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీని 1 కిలో ఓమ్ మీదుగా నడుపుతుంది. ఆప్టో రెండో వైపు పంపే సెట్ పీటీటీని దాని సొంత గ్రౌండ్‌కు లాగుతుంది. బీసీ547 నేరుగా పీటీటీని లాగినా పనిచేస్తుంది, మరి ఆప్టో ఎందుకు? పంపే సెట్ ఒక్కసారిగా 4.5 ఆంపియర్లు లాగినప్పుడు దాని నెగటివ్ తీగలో కొంత వోల్టేజి పడుతుంది. రెండు సెట్ల గ్రౌండ్లను సన్నని సంకేత తీగ కలిపి ఉంటే ఆ కరెంటులో కొంత అందులోంచి పోవాలని చూస్తుంది, ఆడియోలో గుర్రుమనే శబ్దం అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పెట్టి పీటీటీ గ్రౌండ్ కలిపేస్తే ట్రాన్స్‌ఫార్మర్ చేసిన మేలు పోయినట్టే.

మధ్యలో చిన్న కంట్రోలర్ ఉంది: మాట ఆగాక 0.8 సెకన్ల పట్టు, 180 సెకన్ల టైమౌట్. కంట్రోలర్ లేకపోతే సీఓఆర్‌ను నేరుగా పీటీటీకి ఇచ్చి పంపే సెట్ సొంత టైమౌట్ మీద ఆధారపడవచ్చు. కంట్రోలర్ ఉన్నప్పుడు మాత్రం సెట్ లోపలి టైమౌట్ 60 సెకన్లకే ఉండిపోయిందేమో చూడాలి. లేకపోతే ఎవరైనా పొడవుగా మాట్లాడినప్పుడు రిపీటర్ మధ్యలో ఆగుతుంది, తప్పు కంట్రోలర్‌దని వెతుకుతూ కూర్చుంటారు.

ప్రోగ్రామింగ్‌లో మరిచిపోయేవి

వినే సెట్‌లో ట్రాన్స్‌మిట్ పూర్తిగా ఆపేయాలి. మైక్ తీసి పక్కన పెట్టాలి. పొరపాటున ఎవరైనా నొక్కితే ఆ పవర్ తప్పు ఫ్రీక్వెన్సీ మీద డూప్లెక్సర్‌లోకి పోయి వెనక్కి తిరిగి వస్తుంది. స్కాన్, ఆటో పవర్ ఆఫ్, బ్యాటరీ సేవర్, కంపాండర్ (గొంతు హెచ్చుతగ్గులను కుదించి విప్పేది) అన్నీ ఆపాలి. పంపే సెట్‌లో బిజీ చానల్ లాకౌట్ (చానల్‌లో ఎవరైనా ఉంటే పంపనివ్వని ఏర్పాటు) ఆపాలి. కీ బీప్ కూడా ఆపాలి, స్పీకర్ తీగల నుంచి ఆడియో తీసుకుంటే ప్రతి బీపూ లోయంతా వినిపిస్తుంది. స్పీకర్ ఆడియో వాల్యూమ్ గుండీ మీద ఆధారపడుతుంది కాబట్టి గుండీకి టేపు వేయాలి. వెనక పిన్ను నుంచి వచ్చే స్థిరమైన ఆడియో ఎప్పుడూ మేలు.

సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాట కింద వినబడకుండా సాగే గుర్తు స్వరం) తప్పనిసరి. ఇన్‌పుట్‌కు 103.5 హెర్ట్జ్, అవుట్‌పుట్‌కు 88.5 హెర్ట్జ్ పెట్టారు. సీఓఆర్ ఏదో ఒక క్యారియర్ (రేడియో తరంగం) చూసి కాకుండా టోన్ చూసి తెరుచుకోవాలి. కొన్ని సెట్లలో స్క్వెల్చ్ పిన్ను టోన్ పెట్టినా క్యారియర్‌నే అనుసరిస్తుంది, ఇది బల్ల మీదే పరీక్షించి తెలుసుకోవాలి. టోన్ లేకపోతే సొంత ట్రాన్స్‌మిటర్ లేపే రొదకే స్క్వెల్చ్ తెరుచుకుని రిపీటర్ తనను తానే పట్టుకుని వదలదు.

హ్యాండ్‌సెట్లలో రెండు చానళ్లు: ఒకటి రిపీటర్‌కు, రెండోది రిపీటర్ అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీదే నేరుగా మాట్లాడుకోవడానికి. రిపీటర్ ఆగిపోయినా ఒకే వైపున ఉన్నవాళ్లు మాట్లాడుకోగలగాలి.

ఆడియో సరిచూడడం

మొదటి కలయికలో స్వరం పలచగా, స,ష శబ్దాలు గీరుతున్నట్టు వచ్చింది. కారణం, డిస్క్రిమినేటర్ ఆడియోను మైక్ పిన్నుకు ఇవ్వడం. హ్యాండ్‌సెట్ పంపేటప్పుడే హెచ్చు స్వరాలను ఆక్టేవ్‌కు 6 డీబీ చొప్పున లేపుతుంది. డిస్క్రిమినేటర్ దాన్ని అలాగే ఇస్తుంది, మైక్ సర్క్యూట్ మళ్లీ ఒకసారి లేపుతుంది. తిరగేసి, సరిచేసిన ఆడియోను ఫ్లాట్ పిన్నుకు ఇస్తే గుడ్డ అడ్డుపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. జతలు రెండే: డిస్క్రిమినేటర్‌కు ఫ్లాట్, మామూలు ఆడియోకు మైక్. ఇక్కడ రెండో జతకు మార్చారు. మామూలు ఆడియోలో 300 హెర్ట్జ్ కింద కోత ఉంటుంది కాబట్టి ఇన్‌పుట్ టోన్ అవుట్‌పుట్‌లోకి జారదు, పంపే సెట్ తన టోన్ తాను కలుపుకుంటుంది.

డీవియేషన్ (గొంతుతో పాటు ఫ్రీక్వెన్సీ ఊగే మేర): 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌కు గరిష్ఠం 2.5 కిలోహెర్ట్జ్. 1 కిలోహెర్ట్జ్ టోన్‌ను 1.5 డీవియేషన్‌తో లోపలికి ఇచ్చి బయట కూడా 1.5 వచ్చేలా ప్రీసెట్ తిప్పారు. సర్వీస్ మానిటర్ లేనివాళ్లకు చెవి చాలు. మూడో రిసీవర్‌ను ఇన్‌పుట్ మీద ఒకసారి, అవుట్‌పుట్ మీద ఒకసారి పెట్టి ఒకే మనిషి గొంతు రెండుచోట్లా ఒకే బిగ్గరగా వినిపించేదాకా తిప్పాలి. కొంచెం తగ్గించి ఆపడం మంచిది. పెంచితే లిమిటర్ నొక్కి గొంతు పగులుతుంది.

శిఖరం మీద చెవుడు

బల్ల మీద అన్నీ బాగున్నాయి. మాస్ట్ ఎత్తాక దగ్గరి హ్యాండ్‌సెట్లు హాయిగా పలికాయి, పడమటి అంచున 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సెట్ మాట మాత్రం ముక్కలు ముక్కలుగా తెగుతోంది. క్షణానికోసారి వెలిగి ఆరినట్టు. కనిపించే దూరం సమస్య కాదు: 116 మీటర్ల ఎత్తున్న యాంటెనాకు 4.12 × (ఎత్తుల వర్గమూలాల మొత్తం) సూత్రం ప్రకారం 49 కిలోమీటర్ల దాకా దారి ఉంది. ఈ లయను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బలహీనమైన సంకేతం వస్తుంది, స్క్వెల్చ్ తెరుచుకుంటుంది, ట్రాన్స్‌మిటర్ లేస్తుంది. దాని రొదలో అదే సంకేతం మునిగిపోతుంది, స్క్వెల్చ్ మూసుకుంటుంది, ట్రాన్స్‌మిటర్ ఆగుతుంది, సంకేతం మళ్లీ తేలుతుంది.

తేల్చుకునే పద్ధతి: యాంటెనా తీగలో 30 డీబీ డైరెక్షనల్ కప్లర్ (తీగలోకి సంకేతాన్ని కొద్దిగా ఎక్కించే కాలు ఉన్నది), దాని కాలుకు 20 డీబీ ప్యాడ్ (సంకేతాన్ని తగ్గించేది), ఆ తర్వాత సిగ్నల్ జనరేటర్. ప్యాడ్ మరిచిపోతే 10 వాట్లలో 10 డీబీఎం తిరిగి జనరేటర్ నోట్లోకే పోతుంది. పీటీటీ తీగ ఊడదీసి 12 డీబీ సినాడ్‌కు (మాట అర్థమయ్యే కనీస స్పష్టతకు) ఎంత సంకేతం కావాలో చూడాలి: మైనస్ 116 డీబీఎం వచ్చింది. ట్రాన్స్‌మిటర్ లేపి మళ్లీ చూస్తే మైనస్ 105. పదకొండు డీబీ వినికిడి పోతోంది. పరికరాలు లేకపోతే అంచున ఉన్న మనిషిని నిదానంగా అంకెలు లెక్కపెట్టమని, వినే సెట్ స్పీకర్ దగ్గర చెవి పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా వినాలి. అంత ఖచ్చితం కాదు, చాలినంత నిజం.

ఆ తర్వాత ముక్కముక్కగా వేరు చేయడమే. ట్రాన్స్‌మిటర్‌ను డూప్లెక్సర్ నుంచి తీసి నేరుగా డమ్మీ లోడ్‌కు (యాంటెనా బదులు పవర్‌ను మింగే రెసిస్టర్‌కు) కలిపితే నష్టం సున్నా, అంటే పెట్టెలో సెట్ నుంచి సెట్‌కు కారడం లేదు. డూప్లెక్సర్ ద్వారా పంపి, యాంటెనా చోట డమ్మీ లోడ్ పెడితే 2 డీబీ. యాంటెనా పెడితే 11. అంటే తొమ్మిది డీబీ దోషం డూప్లెక్సర్ అవతలే ఉంది.

దొరికినవి రెండు. యాంటెనా కేబుల్ రేకు మీద అల్లిక ఉన్న తక్కువ నష్టం రకం, ఎల్‌ఎంఆర్-400 తరహా. మామూలు సెట్‌కు అది చక్కటి కేబుల్. ఒకే కేబుల్‌లో పంపుతూ వింటున్నప్పుడు మాత్రం అల్యూమినియం రేకు, పూత రాగి అల్లిక ఒకదానికొకటి రాసుకునే చోట గాలికి ఊగినప్పుడల్లా రొద పుడుతుంది. రెండోది, పీఎల్-259 నుంచి బీఎన్‌సీ, అక్కడి నుంచి ఎన్ రకం దాకా వరుసగా తగిలించిన మూడు అడాప్టర్లు, అందులో ఒకటి వదులు. రెండు అల్లికలున్న ఆర్‌జీ-214 కేబుల్ 8 మీటర్లు, రెండు కొసలా ఎన్ కనెక్టర్లు, అడాప్టర్ ఒక్కటీ లేకుండా వేశారు. నష్టం 1.3 డీబీ, సంతోషంగా భరించవచ్చు. సెట్ల నుంచి డూప్లెక్సర్‌కు ఉన్న ఆర్‌జీ-58 జంపర్ల అల్లిక పలచన, వాటి బదులు 30 సెం.మీ. ఆర్‌జీ-400 ముక్కలు. మళ్లీ కొలిస్తే నష్టం 1 డీబీ లోపు. పడమటి అంచు సెట్ మాట తెగకుండా వచ్చింది.

ఒక్క పవర్ తగ్గించి ఈ తెగుడు మాన్పవచ్చని అనిపిస్తుంది. 25 నుంచి 10కి దించితే తగ్గేది 4 డీబీ మాత్రమే. వదులు కనెక్టర్‌ను అది సరిచేయదు.

మరో లోపం రాత్రి బయటపడింది: మాట ఆగినా పీటీటీ కొన్నిసార్లు వదలడం లేదు. రెండు సెట్లను కలిపే లింక్ తీగ యాంటెనా కేబుల్‌తో కలిపి కట్టేసి ఉంది, ఆర్‌ఎఫ్ దానిలోకి ఎక్కి బీసీ547ను తెరిచే ఉంచుతోంది. తీగను వేరుగా నడిపి, రెండు కొసలా క్లిప్ ఫెరైట్లు పెట్టి, బేస్ నుంచి గ్రౌండ్‌కు 1 నానోఫారడ్ వేయగానే ఆగింది.

వాడకందార్లకు చెప్పింది ఒక్కటే: బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడండి. టోన్ గుర్తించడానికి, పంపే సెట్ లేవడానికి, అవతలి హ్యాండ్‌సెట్ బ్యాటరీ సేవర్ నిద్ర లేవడానికి కలిపి అర సెకను దాకా పోతుంది. ‘వద్దు, రావద్దు’ అన్న మాటలో మొదటి ‘వద్దు’ ఎగిరిపోయినా ప్రమాదం లేకపోవచ్చు. ‘ఆగు’ అన్న ఒక్క మాటే చెప్పాల్సి వచ్చినప్పుడు అది మొత్తం పోతుంది.

ఉరుములు వినిపిస్తే యాంటెనా కేబుల్ ఊడదీసి, మాస్ట్ దగ్గర ఎవరూ ఉండకూడదన్న నియమం ముందే రాసి పెట్టారు, ఆ వేళ ఎవరు ఏ నేరు చానల్‌కు మారాలో కూడా. బ్యాటరీలను ప్రతి నాలుగు గంటలకు, ఎవరూ మాట్లాడని క్షణం చూసి కొలిచారు. 12.2 వోల్ట్‌లకు దిగితే సగం అయిపోయినట్టు లెక్క. ఇంజిన్ వేసి చార్జ్ చేస్తే ఆల్టర్నేటర్ ఈల ఆడియోలోకి వస్తుంది కాబట్టి వాహనం బ్యాటరీని ఈ పనికి కలపలేదు.

విప్పేటప్పుడు మొదట పంపే సెట్ ఆపాలి, ఆ తర్వాతే యాంటెనా. డూప్లెక్సర్ మూత మీద తెల్ల టేపు వేసి ట్యూన్ చేసిన రెండు ఫ్రీక్వెన్సీలు, ఏ కాలు దేనిదో రాసి ఉంచారు. తక్కువ ఫ్రీక్వెన్సీని దాటనిచ్చే కాలు మీద ‘వినే సెట్’ అని, రెండో దాని మీద ‘పంపే సెట్’ అని. ఈ రెండూ తారుమారైతే ట్రాన్స్‌మిటర్ తన సొంత నాచ్‌లోకే పంపుతుంది, బయటికి దాదాపు ఏమీ రాదు, పవర్ మొత్తం ఫైనల్ ట్రాన్సిస్టర్ మీదికే తిరిగొస్తుంది. రవాణాలో కుదుపులకు ట్యూనింగ్ మరలు కదలకుండా లాక్ నట్లు బిగించి, ఫోమ్ పెట్టెలో పెట్టాలి. తర్వాతిసారి మాస్ట్ ఎత్తకముందే నానో వీఎన్‌ఏతో (ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత ఆపుతుందో చూపే చిన్న పరికరంతో) నాచ్‌లు అనుకున్న చోటే ఉన్నాయో లేదో చూసుకోవాలి. అది కొలవగలిగే లోతుకు హద్దు ఉంది కాబట్టి లోతును నమ్మకుండా, నాచ్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో అదే చదవాలి.